పచ్చ చుక్కను నమ్మిన మేనమామ

ఒక ఎలక్ట్రిక్ కారునీ, ఒక పెద్దమ్మనీ, ఒక పెళ్ళి ముహూర్తాన్నీ తెచ్చి ఒకే పొద్దున ఒకే మనిషి చేతిలో పెడితే ఎంత ఉపద్రవం జరుగుతుందో మీకు అనుభవం ఉండకపోవచ్చు. నాకుంది. చెబుతాను, వినండి. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. రేపల్లెలో మా బంధువులు ఇప్పటికీ పడటం లేదు.

నాకు తెనాలిలో కళ్ళజోళ్ళ షాపుంది. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసే మనిషిని కనుక నా చూపుకి తిరుగులేదని ఒక గట్టి నమ్మకం ఉండేది. నాలుగేళ్ళ కిందట ఎలక్ట్రిక్ కారు కొన్నాక ఆ నమ్మకం ఇంకాస్త ముదిరింది. అప్పట్లో మా వీధి మొత్తానికి అలాంటి కారు నాదొక్కటే. డ్రైవరు సీటు పక్కన పళ్ళెమంత తెర, తెరమీద మ్యాపు, మ్యాపులో ఛార్జింగ్ స్టేషను ఉన్నచోటల్లా ఒక పచ్చ చుక్క. చుక్కని వేలితో తాకితే చాలు, అక్కడికి దారి చెబుతుంది. అదీ తెలుగులో! కళ్ళజోడు కోసం షాపుకొచ్చిన వాళ్ళని కూడా బయటికి తీసుకెళ్ళి, కారులో కూర్చోబెట్టి, ఆ చుక్కలు చూపించేవాణ్ణి. పాపం, అద్దాలు ఇంకా చేతికి రానివాళ్ళు సైతం "అబ్బో, భలే కనపడుతున్నాయండీ" అని చెప్పి తప్పించుకునేవారు.

మా అక్కని రేపల్లె ఇచ్చాం. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. నేనొక్కణ్ణే తమ్ముణ్ణి, అంటే ఆ పిల్లలకి ఉన్న ఒకే ఒక్క మేనమామని. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావలసింది మేనమామే కదా. పెద్దది సింధు చిన్నప్పుడు సెలవులకి తెనాలి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మాసిన బట్టల బుట్ట ఖాళీ చేసి, అందులో బాసింపట్టు వేసుకుని కూర్చుని "మావయ్యా, పెళ్ళి పెళ్ళి!" అని గోల చేసేది. నేను ఎత్తుకుని హాలంతా తిప్పేవాణ్ణి. "నిజం పెళ్ళికి కూడా నువ్వే మొయ్యాలి. ఇంకెవ్వరూ ముట్టుకోకూడదు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. అందుకే, కారు కొన్న కొత్తల్లోనే ఆ పిల్లకి పెళ్ళి కుదిరిందని కబురు రాగానే మేడమీద బియ్యం బస్తా ఎత్తడం సాధన చేశాను. రెండో రోజుకే నడుం పట్టేసి, మా ఆవిడ శారద చేత కాపడం పెట్టించుకున్నాను.

పెళ్ళి రేపల్లెలో, కల్యాణ మండపంలో. పగటి ముహూర్తం. శారద, పిల్లలు ముందే వెళ్ళిపోయారు. బుద్ధి ఉన్న మేనమామ అయితే వాళ్ళతోనే వేమూరు మీదుగా తిన్నగా వెళ్ళి మండపంలో కూర్చుంటాడు. నేను వెళ్ళలేదు. బాపట్లలో ఉన్న మా పెద్దమ్మని నా కారులో ఎక్కించుకుని తెస్తానని అందరి ముందూ ప్రకటించాను. పెద్దమ్మ మా అమ్మకి అక్క. ఇంటికి పెద్ద దిక్కు. ఆవిడ అక్షింతలు వెయ్యందే మా ఇంట్లో ఏ శుభకార్యమూ పూర్తయినట్టు కాదు. ఆవిడని తెచ్చేవాళ్ళు బాపట్లలో వేరే లేకపోలేదు. కానీ వాళ్ళెవరి దగ్గరా పచ్చ చుక్కలు లేవు కదా!

పెళ్ళికి ముందురోజు సాయంత్రం ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని నందివెలుగు దాకా రెండుసార్లు తిప్పి చూపించాను. ఇంటికొచ్చేసరికి బ్యాటరీ సగంలో ఉంది. రేపల్లె నుంచి శారద ఫోను చేసింది.

"ఏమండీ, కారు ప్లగ్గులో పెట్టారా?"

"ఎందుకూ, సగం ఉందిగా. దారి పొడుగునా స్టేషన్లే."

"స్టేషన్ల సంగతి నాకు తెలీదు. ఇంట్లో ప్లగ్గుంది కదా, పెట్టేసి పడుకోండి."

"ఇంట్లో పెట్టుకునేదానికి ఇంత కారెందుకు చెప్పు? పెద్దమ్మకి ఫాస్ట్ ఛార్జింగ్ అంటే ఏంటో చూపించొద్దూ?"

"మీ ఇష్టం" అంది. కాపరం చేసినవాళ్ళకి ఆ రెండు మాటల అర్థం తెలుసు. నాకూ తెలుసు, కానీ ఆ పూట తెలియనట్టు పడుకున్నాను.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. బయటికి బయల్దేరుతున్న మనిషిని "ఎక్కడికి" అని అడగకూడదని మన వైపు పట్టింపు ఉంది కదా. "ఎందాకా" అని అడగొచ్చు. "ఎక్కడికి" అంటే మాత్రం పని చెడుతుందని, లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలని అంటారు. మనలో చాలామంది దాన్ని నవ్వుతూనే పాటిస్తారు. పెద్దమ్మకి అందులో నవ్వేమీ లేదు. ఆవిడ బస్సెక్కడం కూడా మానేసింది. కండక్టర్లు ఎక్కిన ప్రతి మనిషినీ అడిగేది ఆ మాటే కదా మరి!

పొద్దున్నే బాపట్ల చేరాను. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, సున్నుండల డబ్బా పట్టుకుని గుమ్మంలోనే ఉంది. కారుకి మూడు చోట్ల కుంకుమ పెట్టింది. దణ్ణం పెట్టుకుని ఎక్కింది. నేను ఠీవిగా బటను నొక్కాను.

"నమస్కారం. ఎక్కడికి వెళ్ళాలి?" అంది కారు.

పెద్దమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. "ఎవర్రా అదీ?"

"కారు పెద్దమ్మా."

"కారా? శుభమా అని పెళ్ళికి పోతుంటే ఎక్కడికని అడుగుతుందా? దీనికి పెద్దాచిన్నా చెప్పేవాళ్ళెవరూ లేరా?"

"అది మిషను పెద్దమ్మా, దానికేం తెలుసు?"

"దానికి తెలీకపోతే నీకు తెలీదా? దిగు."

దిగాం. కాళ్ళు కడుక్కున్నాం. కుర్చీల్లో కూర్చున్నాం. మంచినీళ్ళు తాగాం. మళ్ళీ దణ్ణం, మళ్ళీ బటను.

"నమస్కారం. ఎక్కడికి వెళ్ళాలి?"

మళ్ళీ దిగాం. ఆపి, తిరిగి ఆన్ చేసినప్పుడల్లా అది అలాగే అడుగుతుంది. అన్నాళ్ళూ రోజూ వింటూ, ఎంతో మర్యాదగా అడుగుతోందని మురిసిపోయినవాణ్ణి నేనే. నోరు మూయించే పద్ధతి కోసం తెరమీద అన్ని బొమ్మలూ నొక్కాను. ఏసీ పెరిగింది, పాటలొచ్చాయి, సీటు వెనక్కి పడింది. నోరు మాత్రం మూతపడలేదు.

మూడో విడత మంచినీళ్ళు తాగుతుండగా నాకు గొప్ప ఉపాయం తట్టింది. నేనొక్కణ్ణే ముందెళ్ళి, తలుపులన్నీ మూసుకుని, దానిచేత అడగాల్సింది అడిగించేసి, గుసగుసగా "రేపల్లె" అని చెప్పి, అప్పుడు పెద్దమ్మని పిలిచాను.

"అడిగిందా?"

"లేదు పెద్దమ్మా, బుద్ధొచ్చింది."

"రాకేం చేస్తుంది" అని ఆవిడ హాయిగా కూర్చుంది. నేను మనసులో ఒకటే నిశ్చయించుకున్నాను. ఇక రేపల్లె చేరేదాకా ప్రాణం పోయినా ఈ కారు ఆపకూడదు.

ఊరు దాటేచోట ఒక హోటలు ఆవరణలో పచ్చ చుక్క ఉంది. బ్యాటరీ చూస్తే రేపల్లె దాకా వచ్చేలా లేదు. తిన్నగా అక్కడికే పోనిచ్చాను. మ్యాపు చెప్పినచోటే స్టేషనుంది. ఖాళీగా ఉంది. పనిచేస్తోంది. నమ్మండి, ఆ రోజు మొత్తంలో సవ్యంగా ఉన్న వస్తువు అదొక్కటే. గర్వంగా దిగి, పైపు తెచ్చి కారుకి తగిలించాను. స్టేషను తెరమీద ఒక వాక్యం వచ్చింది: బండిని ఆపండి.

ఆపితే తప్ప కరెంటు ఎక్కదు. ఆపితే మళ్ళీ ఆన్ చెయ్యాలి. ఆన్ చేస్తే "ఎక్కడికి" అంటుంది. అంటే పెద్దమ్మ దిగుతుంది. కాళ్ళు కడుక్కోవడానికి ఇల్లు కావాలి కనుక ఇంటికి పదమంటుంది. ఆ పైపు పట్టుకుని నిలబడి ఇదంతా ఎంతో నిదానంగా, తెలివిగా ఆలోచించాను. చెరుకుపల్లి దగ్గర ఇంకో పచ్చ చుక్క ఉందని గుర్తొచ్చింది. అక్కడి దాకా ఎలాగూ వెళ్ళగలను. పైపు తీసి దాని స్థానంలో పెట్టేసి వచ్చి కూర్చున్నాను.

పెద్దమ్మని దింపి హోటల్లో కాఫీ ఇప్పిస్తే, ఆవిడ లోపలుండగా కారు ఎన్నిసార్లు అడిగినా ఎవరికీ వినిపించేది కాదు కదా అని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. నాకు అది ఆ తరవాతి ఆదివారం, స్నానం చేస్తుండగా తట్టింది.

"అప్పుడే అయిపోయిందా?" అంది పెద్దమ్మ.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఫాస్ట్ ఛార్జింగ్ పెద్దమ్మా."

"అబ్బ! ఎంత ఫాస్టురా నాయనా! తగిలించావు, తీశావు!" అని ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుంది.

కర్లపాలెం దాటేసరికి బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. ఏసీ ఆపి అద్దాలు దింపాను. "పొలాల గాలి ఎంత బావుందో, ఆ పాడు ఏసీ ఎందుకూ" అని పెద్దమ్మ మెచ్చుకుంది. ఇంతలో కారు గొంతు విప్పింది. "బ్యాటరీ చాలా తక్కువగా ఉంది. దగ్గరలోని ఛార్జింగ్ స్టేషనుకు వెళ్ళండి."

"ఇందాకే కదరా పట్టించావు?"

"కొత్త బండి కదా పెద్దమ్మా, ఆకలెక్కువ."

అప్పుడే మా అక్క ఫోను.

"ఒరే ప్రసాదూ, ఎందాకా వచ్చావురా?"

"చెరుకుపల్లి వచ్చేస్తున్నానక్కా."

"త్వరగా రారా. గౌరీపూజ అయిపోవస్తోంది. బుట్ట కూడా తెచ్చి పెట్టారు. మావయ్య వచ్చాడా, మావయ్య వచ్చాడా అని పిల్ల ప్రాణం తీస్తోంది. మీ బావగారి వాళ్ళేమో తమలో ఎవరో ఒకరు ఎత్తుతామంటున్నారు."

"వద్దక్కా! నేను వస్తున్నా. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

ఫోను పెట్టేశాను. అంతవరకూ నాకు కారే కనిపించింది. బుట్ట పక్కన కూర్చుని గుమ్మం వైపు చూస్తున్న పిల్ల అప్పుడే మొదటిసారి కళ్ళ ముందు కనిపించింది. నిజంగా భయమేసింది.

చెరుకుపల్లి ఇంకా రాకముందే మ్యాపు ఒక రైసుమిల్లు గేటులోకి తిప్పమంది. తిప్పాను. "మీరు చేరుకున్నారు" అని చెప్పి కారు నీరసంగా నిలబడింది. ఎదురుగా స్టేషను! నిలువెత్తు, తళతళలాడుతోంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నడుముకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మిల్లు యజమాని బసవయ్యగారు తెల్లలుంగీలో ఎదురొచ్చారు.

"బాబాయ్ గారూ, అర్జెంటుగా ఛార్జింగ్ కావాలండీ. మేనకోడలి పెళ్ళి."

"అయ్యో, ఓపెనింగ్ ఇంకా అవలేదండీ" అన్నారాయన నొచ్చుకుంటూ.

"మ్యాపులో పచ్చ చుక్క ఉందండీ!"

"మావాడు సరదాకొద్దీ ముందే పెట్టించేశాడండి. మంచిరోజు చూసి, వచ్చే గురువారం కొబ్బరికాయ కొడదామని ఆగాం. ముహూర్తం చూడకుండా ఎలాగండీ?"

"నిజమే నాయనా, ఎలా ఇస్తారు?" అంది లోపల్నుంచి పెద్దమ్మ, నా పక్షాన ఉండవలసిన మనిషి.

నేను తల పట్టుకున్నాను. ఆవిడ నా మొహం చూసింది. ఏమనుకుందో, సున్నుండల డబ్బా సీటుమీద పెట్టి మెల్లిగా కారు దిగింది.

"ఇదిగో బాబూ, ఇవాళ మా పిల్ల పెళ్ళి. పెళ్ళికి పనికొచ్చిన రోజు నీ మిషనుకి పనికిరాదా? పైగా మొదటి బోణీ పెళ్ళివారి బండి. పట్టుచీర కట్టుకున్న పెద్దముత్తైదువని, నేను ఎదురుగా ఉన్నాను. గురువారం దాకా కూచుంటే ఇంతకన్నా మంచి శకునం వస్తుందా నీకు?"

బసవయ్యగారు ఆలోచనలో పడ్డారు. ఆయన భార్య వెనకనుంచి "అమ్మగారు చెప్పిందాంట్లో తప్పేముందండీ?" అన్నారు. అంతే, మిల్లులో సందడి మొదలైంది. కొబ్బరికాయ వచ్చింది. హారతి పళ్ళెం వచ్చింది. మిల్లులో పనిచేసేవాళ్ళు చేతులు దులుపుకుని వరసగా నిలబడ్డారు. పెద్దమ్మ రిబ్బను కత్తిరించి, ఆ రిబ్బను కారు ముందు కట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. పైపుకి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి సమానంగా పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఇక ఏ శంకా పెట్టుకోకుండా కారు ఆపేసి, పైపు తగిలించి, కళ్ళకద్దుకున్నాను.

ఏమీ జరగలేదు.

"లైటు వెలగడం లేదేంటండీ?" అన్నాను.

"లైను ఇవ్వాలి కదండీ" అన్నారు బసవయ్యగారు.

"ఏ లైను?"

"కరెంటు లైనండీ. వచ్చేవారం వచ్చి బిగిస్తామన్నారు."

"కరెంటు లేకుండా ఓపెనింగ్ ఎలా చేశామండీ?"

"మీరు ఓపెనింగే అడిగారు గానీ కరెంటు అడగలేదు కదండీ?"

ఆయన వెటకారం చెయ్యలేదు. అంత అమాయకంగా, మర్యాదగా చెప్పిన మనిషిమీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక వెళ్ళి కారు బటను నొక్కాను. ఉన్న ఓపికంతా కూడగట్టుకుని అది "ఎక్కడికి వెళ్ళాలి?" అంది.

"ఇప్పుడు అడిగి ఏం లాభమే తల్లీ!" అంది పెద్దమ్మ, జాలిగా.

బసవయ్యగారి కారు వాళ్ళబ్బాయి గుంటూరు తీసుకెళ్ళాడు. మోటారుసైకిలు ఉంది, కానీ మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మ దానిమీద కూర్చోలేదు. ఆవిడని వదిలేసి నేనొక్కణ్ణే పోలేను. మిగిలింది ట్రాక్టరు. దాని తొట్టిలోకి కూడా ఆవిడ ఎక్కలేదు. "మీరిద్దరూ కార్లోనే కూర్చోండి. తాడు కట్టి నేనే లాక్కెళ్తాను. మా మిషను ఓపెనింగ్ చేసిన అమ్మగారిని మధ్యలో వదిలేస్తానా?" అని ఆయన తలకి తువ్వాలు చుట్టి ట్రాక్టరు ఎక్కారు. ఎలక్ట్రిక్ కారుని అలా తాడు కట్టి లాగకూడదని కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉందట. ఆ పుస్తకం కూడా నేను తరవాతే తెరిచాను.

రేపల్లె దాకా ఎలా వచ్చామో అడగకండి. ముందు ట్రాక్టరు, వెనక బొట్లూ రిబ్బనూ ఉన్న కారు, అందులో పట్టుచీరలో పెద్దమ్మ, స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతూ నేను. దారిలో వాళ్ళందరూ ఊరేగింపు అనుకుని పక్కకి తప్పుకున్నారు. ఒకచోట ఎవరో దణ్ణం కూడా పెట్టారు. పెద్దమ్మ చెయ్యెత్తి దీవించింది.

మండపం గేటు దగ్గర బ్యాండువాళ్ళు టీ తాగుతున్నారు. మమ్మల్ని చూసి, మగపెళ్ళివారి తరపున ఎవరో గొప్పవాళ్ళు కొత్తరకం మోజుతో దిగారనుకుని, గ్లాసులు కింద పెట్టి ఒక్కసారిగా వాయించడం మొదలుపెట్టారు. ఆ మోతకి లోపలున్న జనమంతా బయటికొచ్చారు. అక్క నోటిమీద చెయ్యి వేసుకుంది. శారద నావైపు ఒక చూపు చూసింది. ఎన్ని రకాల అద్దాలు మార్చినా సరిచెయ్యలేని చూపు అది.

"రారా, పురోహితుడుగారు రెండుసార్లు పిలిచారు" అని అక్క నా చెయ్యి పట్టుకుని పరిగెత్తించింది. గదిలో సింధు బుట్టలో కూర్చుని ఉంది. చుట్టూ బావగారి తమ్ముళ్ళు నిలబడి "ముహూర్తం మించిపోతోందమ్మా, మేం ఎత్తుతాం" అని బతిమాలుతున్నారు. "మావయ్య వచ్చేదాకా ఎవరైనా చెయ్యేస్తే దిగిపోతా" అంటోంది ఆ పిల్ల. నన్ను చూసింది. కాటుక చెదిరిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆ క్షణంలో ఆ కారుని పట్టుకెళ్ళి కృష్ణ కాలువలో తోసెయ్యాలనిపించింది. కాలువ దాకా పోవడానికి కూడా ఛార్జింగు లేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

చేతులు కడుక్కుని బుట్ట ఎత్తాను. అవతలి వైపు బావగారి తమ్ముడు ఒక చెయ్యి వేశాడు గానీ బరువంతా నామీదే. బియ్యం బస్తా సాధన ఏ మాత్రం పనికిరాలేదు. బస్తాకి కాసులపేరూ వడ్డాణమూ ఉండవు. మెల్లిగా, అడుగులో అడుగేసుకుంటూ మండపం మెట్లెక్కాను. అడ్డుతెర అవతల పెళ్ళికొడుకు. ఇవతల పురోహితుడుగారు, ఆయన ముందు మైకు. ఆయాసమొచ్చి ఒక్క క్షణం ఆగాను. నా ఊరేగింపు కబురు అప్పటికే విన్న సింధు నా చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది. గుసగుసే గానీ, మైకు సరిగ్గా మా ఇద్దరి మధ్యా ఉంది.

"మావయ్యా, పీటల దాకా వస్తుందా ఛార్జింగు? లేకపోతే ట్రాక్టరు పిలిపించనా?"

మండపం మండపమంతా ఒక్కసారి గొల్లుమంది. అడ్డుతెర అటూ ఇటూ ఊగింది. పెళ్ళికొడుకు దాన్ని పట్టుకుని నవ్వుతున్నాడు. పురోహితుడుగారు మంత్రం మొదలుపెట్టి, ఆగి, ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు. భోజనాల దగ్గర బసవయ్యగారిని పెళ్ళికొడుకు తండ్రి పక్కనే కూర్చోబెట్టారు. నాకు మూడో బంతిలో చోటు దొరికింది.

కనుక, బంధుమిత్రులారా, అగ్నిసాక్షిగా కాకపోయినా అక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపైన ఏ తెరమీద ఎంత పచ్చగా చుక్క వెలిగినా, ఫోను చేసి "ఓపెనింగ్ అయిందా, అయితే కరెంటుందా, ఉంటే ఇవాళ ఉందా" అని విడివిడిగా అడిగి తెలుసుకోనిదే చక్రం కదపను. నా మూలంగా ఇంకో ఆడపిల్ల బుట్టలో కూర్చుని గుమ్మం వైపు చూడదు. ఈ మాట ఎంతో గంభీరంగా మొన్న మా చిన్న మేనకోడలికి కూడా చెప్పాను. దానికీ సంబంధం కుదిరింది. అది అంతా ఓపిగ్గా విని, "సరే మావయ్యా, నమ్ముతున్నా" అని, వెళ్ళి వాళ్ళమ్మతో నాకు వినపడేలాగే చెప్పింది: "అమ్మా, బసవయ్యగారికి మొదటి శుభలేఖ ఇవ్వండి. ట్రాక్టరుతో సహా రమ్మనండి."